ప్లానులో లేనివాళ్ళు

కలకత్తాలో 1876లో మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టరుగారు ఒక సైన్సు సంఘం స్థాపించారు. ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అని దాని పేరు. ఊళ్ళో పెద్దల దగ్గరా, దేశంలోని సంస్థానాధీశుల దగ్గరా చందాలు పోగుచేసి బౌబజారు వీధిలో దానికి గూడు కల్పించారు. అక్కడి ప్రయోగశాలకు డబ్బిచ్చినవారు మన విజయనగరం మహారాజావారు. అందుకే దాన్ని విజయనగరం లాబొరేటరీ అన్నారు. సర్కార్ గారు 1904లో కాలం చేశారు. అప్పటికి ఆ గదుల్లో కూర్చుని పరిశోధనకే జీవితం ఇచ్చే మనిషి ఒక్కడూ దొరకలేదు. ఆ దిగులుతోనే పోయారంటారు. మరో మూడేళ్ళకు, 1907లో, ప్రభుత్వ లెక్కల శాఖలో ఉద్యోగానికని కలకత్తా వచ్చిన ఒక తమిళ యువకుడు ఆ సంఘం తలుపు తట్టాడు. ఆఫీసుకు పోకముందూ, ఆఫీసు నుంచి వచ్చాకా అక్కడే పని. 1928 ఫిబ్రవరి 28న ఆ సంఘంలోనే రామన్ ఎఫెక్టు బయటపడింది.

ఈ కథను రామన్ గారి కథగానే అందరం చెప్పుకుంటాం. నాకు మాత్రం సర్కార్ గారి కథగా చెప్పాలనిపిస్తుంది. ఎవరొస్తారో తెలియకుండా, వస్తారో రారో కూడా తెలియకుండా, ఆయన గది కట్టి ఉంచారు. ప్రయోగశాల కట్టడం అంటే అసలు అదే. ప్లాను గీసే రోజున ఆ గదిలో కూర్చున్న పెద్దమనుషుల్లో చాలామంది పదేళ్ళ తరువాత అక్కడ ఉండరు. ఉండబోయేవాళ్ళు ఇంకా బడికి పోతూ ఉంటారు. అందువల్ల విశ్వవిద్యాలయంలో కొత్త ప్రయోగశాల కట్టాలనుకోవడం ఇంజనీర్ల ప్రశ్న కన్నా ముందు ధర్మ ప్రశ్న అని నా అభిప్రాయం. మన ఎదుట లేనివాళ్ళకు మనం ఏం బాకీ ఉన్నాం?

మనవాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. సత్రం కట్టినవాడు రేపు రాబోయే బాటసారిని చూడడు. కాని సత్రంతో పాటు మాన్యం రాసేవాడు. పొయ్యి ఆరకూడదని. గుడి కట్టిస్తే ధూపదీప నైవేద్యాలకు భూమి ఉండేది. చెరువు తవ్విస్తే రాయలసీమలోనూ కోలారు ప్రాంతంలోనూ దశబంధం ఇనాము ఉండేది, ఏటా గట్టు చూసుకోవడానికి. కట్టడం ఒక పుణ్యం, నిలబెట్టడం మరో పుణ్యం అని వాళ్ళకు తెలుసు. ఇవాళ మనం ప్రయోగశాలకు శంకుస్థాపన చేస్తాం, శిలాఫలకం వేస్తాం, రిబ్బను కత్తిరిస్తాం. మాన్యం మాట ఎత్తం. భవనానికి గ్రాంటు వేరు, సామానుకు గ్రాంటు వేరు, నడపడానికి మాత్రం ఏ గ్రాంటూ ఉండదు. ఐదేళ్ళకు అందులో పనిచేసే యంత్రాల కన్నా గుడ్డ కప్పిన యంత్రాలు ఎక్కువవుతాయి. నేను పనిచేసిన చోట్లా, పరీక్షలకు వెళ్ళిన చోట్లా చూసినదే చెబుతున్నాను.

మాన్యం ఇచ్చినవారు ఈ కాలంలో లేరా అంటే ఉన్నారు. ఒడిశాలో ఉన్న మన పాఠకులకు జయపురం విక్రమదేవ వర్మగారిని నేను పరిచయం చేయనక్కరలేదు. తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేసిన రాజు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. దాని సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు. ఆ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఇక్కడ గమనించవలసింది లక్ష అన్న అంకె కాదు, ‘ఏటా’ అన్న మాట. కలకత్తాలో రామన్ గారి దగ్గర పనిచేసిన సూరి భగవంతం గారు 1932లో వాల్తేరు వచ్చి భౌతికశాస్త్రం చెప్పారు. రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి గారు వచ్చారు. వాళ్ళు వచ్చేటప్పటికి వాళ్ళ కోసం ఎదురుచూసే డబ్బు ఉండటం చిన్న విషయం కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి జయపురం అటు వెళ్ళిపోయింది. విజయనగరం డబ్బు బెంగాలులో ప్రయోగశాల అయింది, ఇప్పుడు ఒడిశాలో ఉన్న జయపురం డబ్బు వాల్తేరులో ప్రయోగశాల అయింది. సరిహద్దుల మీద బతికే మనకు ఇది కాస్త ఊరట.

కాని ఆ లక్ష ఎక్కడిది? జమీందారీ ఆదాయం అంటే చివరికి రైతు కట్టిన శిస్తు, కొండ నుంచి దిగిన కలప. కోరాపుట్ కొండల్లో శిస్తు కట్టినవాడి కొడుకు వాల్తేరులో ఎమ్మెస్సీ చదివాడా అని అడిగితే సమాధానం అందరికీ తెలిసిందే. రాజావారి ఔదార్యం అబద్ధం కాదు. దాత పేరు ఒకటే ఉంటుంది, దానం చేసినవాళ్ళు మాత్రం వేలమంది ఉంటారు. ఇవాళ జమీందారు స్థానంలో ప్రభుత్వం ఉంది, అంతే తేడా. సబ్బు కొన్నా పోయే పైసల్లోంచే విశ్వవిద్యాలయ భవనం లేస్తుంది. కాబట్టి ప్లాను దగ్గర లేనివాళ్ళ జాబితాలో మొదటి పేరు డబ్బు కట్టినవాడిది.

ఇక్కడ ఒక మాట తప్పకుండా వస్తుంది. రామన్ గారు రెండు మూడు వందల రూపాయల సామానుతో నోబెల్ తెచ్చారు, మీకెందుకండీ ఇన్ని హంగులు అని. ఈ మాట నేను కనీసం పదిమంది పెద్దల నోట విన్నాను. వాళ్ళలో ఎక్కువమంది సైన్సు శాఖకు డబ్బు తగ్గించి ముఖద్వారానికి పాలరాయి వేయించినవాళ్ళే. రామన్ గారి చేతిలో సామాను చవకదై ఉండవచ్చు. ఆయన కింద ఉన్న నేల, పైన ఉన్న కప్పు, రాత్రిపూట తెరిచి ఉన్న తలుపు చవకవి కావు. వాటి వెనుక ముప్పయ్యేళ్ళ చందాలు ఉన్నాయి. అదీగాక ఆయన వెలుగుతో పనిచేశారు. బెంజీనుతోనూ ఈథరుతోనూ రోజంతా పనిచేసే పిల్లలకు ఆ పోలిక చెప్పడం అన్యాయం.

2006లో కర్ణాటకలోని ఒక విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రానికి కొత్త భవనం తలపెట్టారు. కమిటీలో నేనూ ఉన్నాను. మొదటి ప్లాను వచ్చింది. ముందు పెద్ద పోర్టికో, మధ్యలో గాజు కప్పు వేసిన హాలు, రెండు వందలమంది పట్టే సెమినారు గది. చూడటానికి చాలా బాగుంది. పొగగొట్టాలు మాత్రం లేవు. ప్రయోగశాలలో ఫ్యూమ్ హుడ్ అని ఒకటి ఉంటుంది. గాజు తలుపు పైకీ కిందికీ జరిగే పెద్ద అలమారా లాంటిది. విషవాయువులు వచ్చే పని అందులో చేస్తాం. లోపలి గాలిని ఫాను పీల్చి గొట్టం ద్వారా పైకి పంపుతుంది. తలుపు దగ్గర గాలి సెకనుకు సుమారు అర మీటరు వేగంతో లోపలికి పోతుండాలి. లేకపోతే అది అలమారాయే. ఆ గొట్టం కప్పు దాటి బాగా పైకి లేవాలి, లేకపోతే ఈ గదిలో పీల్చిన విషాన్ని పక్క గది కిటికీలోకి పంపినట్టే. ప్లాను గీసినాయనను అడిగాను. గొట్టాలు పైకి లేస్తే ముందువైపు రూపం చెడుతుంది సార్ అన్నాడు. గొట్టాలను గోడ పక్కగా తిప్పి వెనక్కి వదులుదామన్నాడు. వెనక ఏముంది? అటెండర్ల క్వార్టర్లు.

ఇంకొకటి చూశాను. గాజుసామాను కడిగే గది మెట్ల కింద వేశారు. కిటికీ లేదు. మా తరంలో గాజుసామాను దేనితో కడిగేవారో తెలియనివారికి చెప్పాలి. పొటాషియం డైక్రోమేటు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ముదురు ఎర్రటి ద్రవం. క్రోమిక్ ఆసిడ్ అనేవాళ్ళం. గాజు మీద ఎంత మొండి జిడ్డయినా పోతుంది. చేతి మీద పడితే చర్మమూ పోతుంది. అందులోని ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ తెచ్చేది. ప్రొఫెసరు దానిని ముట్టడు. పరిశోధక విద్యార్థి ఎప్పుడో ఒకసారి ముడతాడు. రోజూ ముట్టేవాడు అటెండరు. పరిశోధనా పత్రంలో ప్రొఫెసరు పేరు ఉంటుంది, విద్యార్థి పేరు ఉంటుంది, ఫ్లాస్కు కడిగినవాడి పేరు ఉండదు.

కడిగే గది గురించి కడిగేవాణ్ణే అడుగుదాం అని నేను ప్రతిపాదించాను. కొందరు నవ్వారు. కాని పిలిపించారు. ఆయనది ముళబాగిలు దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే. పాతికేళ్ళ సర్వీసు. కూర్చోమంటే కూర్చోలేదు. ఏం కావాలయ్యా అని అడిగితే చాలాసేపు నేల చూసి, “నల్లి ఇంగా జానెడు పైకి పెట్టించండి సార్. బ్యూరెట్టు నిలువుగా పట్టి కడిగేకి కాదు. వంచి పడితే పగుల్తాది. పగిలితే నా లెక్కలో రాస్తారు” అన్నాడు. (ఆంధ్రలో ఉన్న మిత్రులెవరైనా చదువుతుంటే నవ్వకండి, మా వైపు నల్లి అంటే కొళాయి.) మేం ఏడుగురం డాక్టరేటులు, ఒక ఇంజనీరు, ఒక ఆర్కిటెక్టు. బ్యూరెట్టు పొడవు మా అందరికీ తెలుసు. కొళాయికీ తొట్టి అడుగుకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలో ఒక్కరికీ తట్టలేదు. ఆయన కిటికీ అడగలేదు. దస్తానాలు అడగలేదు. అడగవచ్చని ఆయనకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. పిలిచి అడిగితే సరిపోతుందనుకోవడం కూడా అంత నిజం కాదని అప్పుడు నాకు తోచింది. అడిగే అలవాటు లేనివాడి తరఫున ఆలోచించే పని అడిగినవాడికి మిగిలే ఉంటుంది.

పనిచేసేవాళ్ళను అడగకపోతే ఏమవుతుందో ప్రపంచ ప్రసిద్ధుల అనుభవం కూడా చెబుతుంది. అహమ్మదాబాదులో ఐ.ఐ.ఎం. కట్టిన లూయీ కాన్ గారు అంతకుముందు అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి రిచర్డ్స్ వైద్య పరిశోధనా భవనం కట్టారు. 1960 ప్రాంతంలో తెరిచారు. ఇటుక బురుజులు, గాజు గదులు. భవన నిర్మాణ శాస్త్రం చదివే పిల్లలందరూ దాని ఫొటో చూసి ఉంటారు. గొట్టాలు, మెట్లు ఉండే భాగాలను ఆయన సేవచేసే స్థలాలు అన్నారు, మనుషులు పనిచేసే గదులను సేవలందుకునే స్థలాలు అన్నారు. ఆలోచన గొప్పదే. కాని గదుల్లోకి ఎండ కొట్టి శాస్త్రజ్ఞులు అద్దాలకు కాగితాలూ వెండి రేకులూ అంటించుకున్నారు. కలిసి పనిచేయాలని తెరిచి ఉంచిన గదులకు అడ్డుగోడలు పెట్టుకున్నారు. పైన తెరిచి వదిలిన గొట్టాల మీద దుమ్ము చేరింది. కాన్ గారి గొప్పతనం ఏమిటంటే తరువాత కాలిఫోర్నియాలో సాల్క్ సంస్థ కట్టినప్పుడు ప్రయోగశాల అంతస్తుకూ అంతస్తుకూ మధ్య గొట్టాల కోసం మనిషి నిలబడి తిరిగేంత ఎత్తున ఒక పూర్తి అంతస్తు వదిలారు. పైపు మార్చాలంటే పరిశోధన ఆపనక్కరలేదు. బాగుచేసేవాడు మోకాళ్ళ మీద పాకనక్కరలేదు. ఇంకా వెనక్కి వెళితే కేంబ్రిడ్జిలో 1874లో తెరిచిన కావెండిష్ లాబొరేటరీ ఉంది. దానికి మొదటి ప్రొఫెసరు మాక్స్‌వెల్. ఆయన ప్లానుకు ముందు గ్లాస్గో, ఆక్స్‌ఫర్డులకు పోయి అక్కడి ప్రయోగశాలలు చూసి వచ్చారు. అయస్కాంత ప్రయోగాల గదిలో బల్లలను నేల మీద కాకుండా విడిగా పునాది తీసిన స్తంభాల మీద నిలబెట్టించారు, పక్కన ఎవరైనా నడిస్తే ముల్లు కదలకుండా. మాక్స్‌వెల్ 1879లోనే పోయారు. ఆ భవనం దాదాపు వందేళ్ళు పనికొచ్చింది.

మళ్ళీ మా కమిటీకి వస్తాను. పొగగొట్టాలు, ఫానులు, వాటికి జనరేటరు, కడిగే గది మార్పు అన్నీ లెక్క వేస్తే అంచనా పెరిగింది. అప్పుడు నా సహోద్యోగి ఒకాయన ఒక ప్రశ్న వేశారు. ఆయన మంచి మనిషి, పల్లెటూరి నుంచి హాస్టలులో ఉండి చదువుకున్నవారు. “ఈ డబ్బుతో ఇంకో ఇరవై సీట్లు పెంచవచ్చు. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న పిల్లలు ఇరవైమంది. మీ గొట్టాల కోసం వాళ్ళను వెనక్కి పంపమంటారా? నేను చదివిన ల్యాబులో ఏ హుడ్డూ లేదు. నాకేమైంది?” అన్నారు. ఆ రోజు సభలో వచ్చిన మాటల్లో అన్నింటికన్నా బరువైనది ఇదే. పాలరాయి కోసం వాదించేవాడికి జవాబు చెప్పడం తేలిక. ఈయనకు తేలిక కాదు. ఎందుకంటే ఆయన కూడా ఆ గదిలో లేనివాళ్ళ తరఫునే మాట్లాడుతున్నారు.

చాలా రోజులు ఆలోచించాను. పేద దేశంలో అన్నీ సవ్యంగా అమరేదాకా కట్టకూడదంటే ఏదీ కట్టం. ప్రమాదం లేని రసాయనశాల లేదు. అయితే ప్రమాదాలన్నీ ఒక రకం కావు. తెలిసి, తనకు దక్కే ఫలం కోసం, తానే తలకెత్తుకునే ప్రమాదం ఒకటి. పరిశోధకుడిది అది. అతనికి పట్టా వస్తుంది, పేరు వస్తుంది, వద్దనుకుంటే మానుకునే వీలుంది. ఫలం ఒకరికి పోయి ప్రమాదం మరొకరి నెత్తిన పడేది రెండోది. కడిగేవాడిది, గోడవతల కాపురం ఉన్నవాడిది, రేపు ఆ సామాను మోసుకుపోయేవాడిది ఈ రకం. మొదటిదాన్ని డబ్బు లేక కొంత భరించమని అడగవచ్చు, చెప్పి అడిగితే. రెండోదాన్ని అడిగే హక్కు ఏ కమిటీకీ లేదు. ఇరవై సీట్లు పది సీట్లయినా సరే, గొట్టం అటెండరు ఇంటివైపు తిప్పకూడదు. ఆ మాటే చెప్పాను. అందువల్ల సీటు రాని పిల్లవాడికి నా దగ్గర జవాబు లేదని కూడా చెప్పాను. పోర్టికో, గాజు కప్పు తీసేస్తే ఎంత మిగులుతుందో లెక్క వేయమన్నాను. ఆ లెక్క వేయడానికి మాత్రం ఎవరూ తొందరపడలేదు.

రేపు సామాను మోసుకుపోయేవాడు అన్నాను. అది ఊహ కాదని నాలుగేళ్ళకు దేశమంతా చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో గామా కిరణాల యంత్రం ఒకటి ఉండేది. లోపల కోబాల్ట్-60. 1985 నుంచి వాడకం లేకుండా పడి ఉంది. దాన్ని 2010 ఫిబ్రవరిలో పాత సామానుతో పాటు వేలం వేశారు. అది మాయాపురి పాత ఇనుము బజారు చేరింది. అక్కడివాళ్ళు సీసం కోసం, ఉక్కు కోసం దాన్ని విప్పారు. లోపల మెరిసే లోహం ఏమిటో వాళ్ళకు తెలియదు. ఏప్రిల్‌లో చేతులు కమిలి, వెంట్రుకలు రాలి ఒక్కొక్కరే ఆసుపత్రికి వెళ్ళారు. ఒకరు చనిపోయారు. కోబాల్ట్-60 శక్తి ఐదేళ్ళ మూడు నెలలకు సగమవుతుంది. వాడకం ఆగిన పాతికేళ్ళలో అది దాదాపు ఇరవయ్యారో వంతుకు పడిపోయింది. ఆ మిగిలినదే మనిషిని చంపడానికి సరిపోయింది.

ఆ యంత్రం కొన్ననాడు దాని కోసం ఎంత ఆలోచించి ఉంటారు! విదేశ మారకం, పర్మిట్లు, గది, దళసరి గోడ. దాని చావు గురించి మాత్రం కాగితం మీద ఎవరో ఒకరు రాసి ఉంచినా, పాతికేళ్ళ తరువాత ఆ కాగితం చదివే మనిషి అక్కడ లేడు. తెలిసినవాళ్ళు రిటైరయ్యారు. గదిలో స్థలం కావలసి వచ్చింది. ఆ తరువాత వచ్చినవాళ్ళకు అది బరువైన ఇనుము. ఇందులో ఒక్కరి దుర్మార్గం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేస్తుంది. భవనం కట్టేటప్పుడు దాని ముగింపు ఎవరి పని అని రాసిపెట్టకపోతే అది చివరికి అన్నింటికన్నా కింద ఉన్నవాడి పని అవుతుంది.

ఈ పత్రిక చదివేవారిలో వ్యాపారాల్లో స్థిరపడినవారు ఉన్నారు. బళ్ళారిలో, మదురైలో, బరంపురంలో, షోలాపూరులో మన సంఘాలవారు కాలేజీలకు గదులు కట్టిస్తున్నారు. సంతోషం. ప్రయోగశాలకని ఎవరైనా చందా అడగడానికి వస్తే ఇవ్వండి, మీ పేరు రాయి మీద చెక్కించుకోండి, అందులో తప్పులేదు, విజయనగరం వారి పేరూ ఉంది, జయపురం వారి పేరూ ఉంది. కాని ప్లాను తెమ్మనండి. పొగగొట్టం ఎటు పోతుందో వేలు పెట్టి చూపించమనండి. కడిగే గది ఎక్కడో అడగండి. పదివేలు ఇవ్వదలుచుకుంటే ఒకేసారి పదీ ఇవ్వక ఏటా వెయ్యి ఇస్తానని చెప్పి చూడండి. వాళ్ళ ముఖం ఎలా మారుతుందో దాన్నిబట్టి చాలా తెలుస్తుంది.

మేం తలపెట్టిన భవనం 2009లో తెరిచారు. పోర్టికో ఉంది. సీట్లు ఎనిమిది పెరిగాయి. కడిగే గది మెట్ల కింద నుంచి తూర్పు గోడకు వచ్చింది, రెండు కిటికీలు పెట్టారు, నల్లి జానెడు పైకి లేచింది. గొట్టాలు కప్పు మీదికే తీశారు గాని మేం అడిగిన ఎత్తుకు తీయలేదు. పడమటి గాలి వీచే నెలల్లో వెనక క్వార్టర్లవాళ్ళు ఇప్పటికీ మధ్యాహ్నం పూట కిటికీలు మూసుకుంటారు.